ముడివు ముందు పెట్టమన్న మనిషి

"నాలుగు లైన్లకు ఒక కాయితమా సారూ? ముప్పాతిక పేజీ ఖాళీగా ఉండాదే!"

"ఆ ఖాళీ నేను కావాలని పెట్టింది అక్కా. దాన్ని ముట్టుకోవద్దు."

"పన్నెండు కాపీలు. అంటే పన్నెండు కాయితాలు దండగ. ఖాళీ కావాలంటే మీ ఓనర్ని తలెత్తి ఆకాశం చూసుకోమనండి."

"ఆయన చదివేది ఒక్క పేజీ. దాంట్లో నాలుగు లైన్లుంటే నాలుగూ చదువుతాడు. నలభై ఉంటే ఒకటీ చదవడు. ఆ నాలుగు లైన్లలో పధ్నాలుగు మంది ఆడోళ్లుండారు అక్కా."

"పధ్నాలుగు మందీ నాలుగు లైన్లలో సర్దుకుంటే, మిగతా పేజీ ఎవురికి? వాళ్ల చుట్టాలకా?"

ఆయనకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "మీకు కాయితం తప్ప ఇంకేమీ కనపడదు," అన్నాడు.

"మీకు అదొక్కటే కనపడదు," అన్నాను నేను.

టైపు చేసిన రిపోర్టు నా బల్ల మీద పెట్టి, "నేను పెట్టిన వరస మార్చద్దు. పొద్దున వస్తాను," అని చెప్పులేసుకొని పొయినాడు. ఆయనతో నేను ఎన్నిసార్లు పోట్లాడినానో గుర్తు లేదు. గెలిచింది మాత్రం ఆ ఒక్కసారే.

ఆయనుంటే ఈపాటికి నన్ను ఆపేసేవాడు. "కథ అప్పురం అక్కా. ముందు ఏమైందో చెప్పండి," అనేవాడు. సరి, చెప్తాను. తిరువొత్తియూరులో ఒక చిన్న కంపెనీలో పధ్నాలుగు మంది ఆడవాళ్ల పని నిలబెట్టను ఆయన ఒక రిపోర్టు రాసినాడు. దాని మొదటి పేజీని నేను ఆయనకు చెప్పకుండా చివరికి మార్చినాను. వాళ్ల పని పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు నాదని నేనూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆయన లేడు.

లేడని తెలిసింది పోయిన నెల. ఒకామె మా అంగడికొచ్చి ఒక సర్టిఫికెట్ ఇచ్చి ఐదు కాపీలు కావాలంది. మా అంగడంటే ఏమీ లేదు, వాషర్‌మెన్‌పేట్‌లో పాత్రల అంగడికీ మందుల షాపుకూ మధ్య ఒక జిరాక్స్ మిషను, ఒక పాత కంప్యూటరు, ఒక బల్ల. వచ్చినోళ్ల కాయితాలు నేను చదవను. కాయితాన్ని మిషను అద్దం మీద బోర్లించబోతా పేరు చూసినాను. చావు సర్టిఫికెట్ అది.

"మా నాన్న. మీకు తెలుసా?" అంది.

"ఈడ కూర్చొని రాసుకునేవాడు," అన్నాను. ఆమె బల్ల వైపు చూసింది. ఐదు అడిగితే నేను ఆరు తీసినాను. ఆ ఆరోది నా దగ్గరే ఉంది.

ఆయన పేరు ఈడ రాయను. బతికుండగా ఆయన కూడా ఏ రిపోర్టు మీదా తన పేరు వేసుకోలేదు. తిరువొత్తియూరులో ఏదో పెద్ద ఫ్యాక్టరీలో స్టెనోగా చేరి, రిటైరయ్యేదాకా మేనేజర్లకు రిపోర్టులు రాసి పెట్టినాడంట. సంతకం వాళ్లది, రాత ఈయనది. రిటైరయినాక చిన్న కంపెనీలోళ్లు పిలిచేవాళ్లు: మా గోడౌనులో సరుకెందుకు పాడవుతా ఉండాది, మా లారీలు ఎందుకు ఆలస్యమవుతా ఉండాయి, వచ్చి చూసి రాసివ్వండి అని. ఇంట్లో టీవీ గోల అని మా అంగడి బల్ల మీదికొచ్చి రాసుకునేవాడు. నాకు మొదట్లో ఇష్టం లేదు. ఊరికే కూర్చునే మనిషి ఫ్యాను గాలి కూడా ఊరికే తీసుకుంటాడు. కానీ వచ్చిన మొదటి రోజే ఆయనే లేచి ఫ్యాను ఆపేసినాడు. అది చూసి సరే కూర్చోమన్నాను.

ఫ్యాను ఎందుకు ఆపినాడంటే, ఆయన రాసేది చిన్న చిన్న తుండుకాయితాల మీద. రోజుకొకటి చింపే తేదీ క్యాలెండరు ఉంటుంది కదా, రాహుకాలం, యమగండం అన్నీ వేసి ఉండేది. ఆ చింపిన కాయితాలు అందరూ పారేస్తారు. ఈయన వీధిలో నాలుగు అంగళ్లలో చెప్పి పెట్టి, వాటిని వారానికొకసారి తీసుకొచ్చేవాడు. వెనకపక్క తెల్లగా ఉంటుంది. ఒక్కో కాయితం మీద ఒక్క సంగతి. రెండో సంగతి రాస్తే చింపేసేవాడు. ఆ పొదుపు చూసి నాకు ఆయన మీద మర్యాద కలిగింది.

అన్నీ రాసినాక బల్ల మీద పరిచేవాడు, పేకాట మాదిరి. మూడు కుప్పలు. కళ్లతో చూసింది ఒక కుప్ప. వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నది ఒక కుప్ప. తను అనుకున్నది ఒక కుప్ప. ఒక కుప్పలోది ఇంకో కుప్పలో పడితే ఊరుకునేవాడు కాదు. ఒకసారి నేను వేలు పెట్టి, "ఈ స్టోరు మనిషి దొంగ అని రాసినారే, దీన్ని చూసిందాంట్లో పెట్టినారేంది? మీరు చూసినారా?" అన్నాను. ఆ కాయితాన్ని విన్న కుప్పలోకి జరిపి, కొంచెంసేపయినాక దాన్ని తీసి నలిపి జేబులో పెట్టుకున్నాడు. "మీరు ఐదో క్లాసుతో ఆగిపోకుండా ఉండాల్సింది అక్కా," అన్నాడు.

"ఆగలేదు, ఆపినారు," అన్నాను. నేను చదివింది కార్పొరేషన్ బళ్లో తెలుగు. అరవం అక్షరాలు బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నవి.

కుప్పలన్నీ అయినాక ఒక్క కాయితం మిగిలేది. దాని మీద 'ముడివు' అని రాసేవాడు. ఈ ఊర్లో తరతరాలుగా ఉండే మా తెలుగోళ్లకు ఆ అరవం మాట సొంత మాటే. దానికి రెండు అర్థాలు. ఒకటి చివర. రెండోది తీర్మానం, ఇట్ల చేద్దామని తేల్చడం. ఆయన ఆ కాయితాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, "ముడివు ముందు పెట్టాల," అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

"చివర ముందెట్ల వస్తాది సారూ, చెప్పులు తలకు తొడుక్కున్నట్టు?"

"ఆ చివర కాదక్కా. డాక్టరు దగ్గరికి పోతారు. ఆయన రక్తం కథ, ఎక్స్‌రే కథ అంతా చెప్పి ఆఖర్న మీకేం లేదు పొండి అంటే, అందాకా మీ ప్రాణం ఎట్లుంటాది? ముందే ఏం లేదు అన్నాడనుకోండి, కథ ఎంతసేపైనా వింటారు."

ఇది నాకు ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పినాడు. చెప్పినాడని ఈడ రాసి పెడుతుండాను.

కోడంబాక్కం నుంచి ఒకాయన వచ్చినాడు ఒకసారి, అపార్టుమెంట్ల సంఘం సెక్రెటరీ. లిఫ్టు గురించి రిపోర్టు రాసినాడు, కట్ట ఇంత లావు. బైండింగు చెయ్యమన్నాడు. ఈయన ఊరుకోవచ్చు కదా, అడిగి తీసుకొని తిప్పినాడు.

"సార్, లిఫ్టు మార్చాలి అనే మాట ఎన్నో పేజీలో ఉండాది?"

సెక్రెటరీ వెతికి, "ఇరవై మూడు," అన్నాడు.

"అంటే చదివేవాళ్లను కూడా అంత దూరం మెట్లెక్కించినారు."

సెక్రెటరీకి మొహం ఎర్రబడింది. "ముందు చరిత్ర చెప్పద్దా సార్? బిల్డింగు ఎప్పుడు కట్టినారు, ఎవురు కట్టినారు..."

"చెప్పండి. దాన్ని తోకలో పెట్టండి. తోక ఎంత పొడుగైనా నాకు బాధ లేదు. తల మాత్రం ఒక పేజీ." వెనక చేర్చే పట్టీలు, ఫోటోలు, లెక్కలు, వాటినన్నిటినీ ఆయన తోక అనేవాడు. ఆ సెక్రెటరీ గొణుక్కుంటానే కూర్చున్నాడు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి తల తయారుచేసినారు. బైండింగు చేసే ముందు ఆయన దాన్ని నా వైపు తిప్పి, "అక్కా, అర్థమయిందా?" అన్నాడు.

అది ఆయన పద్ధతి. ఏ కంపెనీ రిపోర్టయినా, మొదటి పేజీ నాకు చదివి వినిపించేవాడు. నాకు అర్థమయితే మూలన పెన్సిలుతో ఒక టిక్కు. కాకపోతే మళ్లీ మొదటికి. "వీళ్ల ఎం.డి. కన్నా ముందు మీరే నా ఎం.డి.," అనేవాడు. 'చాలా' అనే మాట వస్తే నేనే ఆపడం నేర్చుకున్నాను. "చాలా అంటే ఎంత సారూ?" అంటే సంతోషపడేవాడు. నా మొగుడు పోయినాక నా తెలివిని పొగిడిన మనిషి ఇంకెవురూ లేరు. మొగుడు కూడా పొగిడింది లేదనుకోండి.

ఆయన మాట్లాడేదీ అట్లే ఉండేది. భార్య పోయిన రోజు పొద్దున అంగడి ముందుకొచ్చి నిలబడినాడు. "ఆమె పోయింది అక్కా. తెల్లారి ఐదింటికి. ఆస్పత్రిలో." ఇంకెవురైనా అయితే మొదట జ్వరమొచ్చింది అని మొదలుపెట్టి ఉంటారు. నేను, "నిన్న బాగుందన్నారే?" అన్నాను. "అది నేను అనుకున్నది," అన్నాడు. అంతే. బస్సెక్కి పొయినాడు. కట్టె మాదిరి మనిషి అనుకున్నాను అప్పుడు. రెండు వారాలకు మళ్లీ వచ్చి బల్ల మీద కాయితాలు పరిచినాడు. కుప్పలు పెట్టను చేతులు రాక, అన్నీ ఒకటిగా ఊడ్చి జేబులో వేసుకొని ఊరికే కూర్చున్నాడు. ఆ రోజు ఫ్యాను నేనే వేసినాను.

ఇక ఆ రిపోర్టు సంగతి.

సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీ. మూతలు మిషను నుంచి పడతాయి, వాటిని ఏరి, లెక్కపెట్టి డబ్బాల్లో కట్టేది పధ్నాలుగు మంది ఆడోళ్లు. డబ్బాలో సైజులు కలిసిపోతుండాయని సరుకు వాపసొస్తా ఉంది. ఆ సెక్షను ఎత్తేసి పని బయటి కాంట్రాక్టుకు ఇచ్చేద్దామని ఓనరు కొడుకుల మాట. ఓనరు ముసలాయన, కాయితం చూస్తే గానీ నమ్మడు. ఈయన్ని పిలిచి చూడమన్నాడు.

ఈయన రెండు వారాలు పొయినాడు. గుమస్తా గదిలో కూర్చోలేదు. ఆ ఆడోళ్ల బల్ల దగ్గరే స్టూలు వేసుకొని, వాళ్లతో కలిసి మూతలు ఏరినాడంట. సాయంత్రం మా అంగడికొచ్చి వేళ్లు చూపించేవాడు, కొనలు అరిగిపొయి ఎర్రగా. "పొద్దున తప్పులు లేవక్కా. మూడు తర్వాత మొదలవుతుండాయి. ఎందుకని?" అని నన్నే అడిగేవాడు.

"అన్నం తిని కునుకొస్తాదేమో."

"అది మీరు అనుకున్నది," అని నవ్వేవాడు.

తేలింది ఏందంటే, రెండు సైజుల మూతలూ ఒకే రంగు, మిషను నుంచి ఒకే బుట్టలో పడతాయి. బల్ల మీద రెండు ట్యూబులైట్లు పోయి ఉండాయి. మూడు దాటితే కిటికీ వెలుగు పోతుంది, తేడా కనపడదు. ఆ రోజు సాయంత్రం మా కంప్యూటరు మీద తనే అరవంలో టైపు చేసి, ప్రింటు తీసి, మొదటి పేజీ నాకు చదివినాడు. పైన 'ముడివు' అని పెద్దక్షరాలు. కింద నాలుగు లైన్లు:

ప్యాకింగు సెక్షను మూయనక్కర లేదు. తప్పు చేతులది కాదు, బుట్టది. రెండు సైజులకు రెండు బుట్టలు పెట్టించండి. బల్ల మీద లైట్లు మార్చండి.

"అర్థమయిందా అక్కా?"

"బుట్ట మారిస్తే సరిపొయ్యేదానికి మనుషుల్ని మార్చడమేంది?" అన్నాను. ఆయన మొహం వెలిగింది. టిక్కు పెట్టినాడు. అంత బాగా నాకు ఏ రిపోర్టూ అర్థం కాలేదు. ఆ తర్వాత ఆ కాయితాన్ని మిషను మీద పెట్టబోతూ ఖాళీ చూసినాను, ముందు రాసిన పోట్లాట అప్పుడు వచ్చింది.

ఆయన పొయినాక కట్టంతా తిరగేసినాను. తొమ్మిదో పేజీ, అంటే చివరిది, అరపేజీలో ఆగిపోయి ఉంది. కింద జాగా నా కోసమే వదిలిపెట్టినట్టు ఉంది. మొదటి పేజీలో పైనుండే ముడివు అనే మాటతో సహా ఆ నాలుగు లైన్లనూ కత్తెరతో కత్తిరించి, గమ్ము పూసి ఆ జాగాలో అతికించినాను. అంచుల నీడ పడకుండా తెల్లరంగు పూసినాను. జిరాక్స్ అంగళ్లలో ఇది పాత పని, నా చెయ్యి దాంట్లో గట్టిది. కాపీలో అతుకు కనపడలేదు. ముడివు అని పైన ఉంది, ముడివు అంటే చివర, చివరలోనే ఉంది. పన్నెండు కాయితాలు మిగిలినాయి. వాటిని తట్టి సర్ది అలమరలో పెట్టినప్పుడు నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని దాచను.

మాట అర్థం తప్పు పట్టుకున్నానని, చదువు లేనిదాన్నని, ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటా వచ్చినాను. అది అబద్ధం. ఆయన ఏ అర్థంలో అన్నాడో నాకు తెలుసు. పోట్లాటలో గెలవాలని చేసినాను.

ఆ పేజీ ముందుండి ఉంటే వాళ్ల పని నిలిచేదా? తెలీదు. కొడుకులు పట్టుపట్టి ఉండొచ్చు. ఆయనయితే దీన్ని 'అనుకున్నది' కుప్పలో పెట్టేవాడు. నేను కూడా ఆడే పెడతాను. కత్తిరించింది మాత్రం చూసిన కుప్ప.

ఆ తర్వాత కూడా ఆయన మా అంగడికి వచ్చినాడు, మూడు నాలుగేళ్లు. అదే బల్ల, అవే కాయితాలు. "బాగుండారా అక్కా?" అనేవాడు. టీ తెప్పిస్తే తాగేవాడు. మొదటి పేజీ మాత్రం మళ్లీ నాకు చదవలేదు. తనే చదువుకొని తనే టిక్కు పెట్టుకునేవాడు. ఆ పెన్సిలు చప్పుడు వినపడినప్పుడల్లా ఇప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. ఈ పని అయినాక, ఈ వానలు పోయినాక అని చివరకు నెట్టుకుంటా వచ్చినాను. పోయిన ఏడు మోకాళ్లు పట్టేసి ఆయన రావడం ఆగిపొయింది. ఇల్లు ఏ వీధో తెలుసు. పోలేదు.

పోట్లాడిన మరుసటి రోజు జరిగింది చెప్తాను.

పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తినానో లేదో కంపెనీ మనిషి వచ్చి పన్నెండు కాపీలూ తీసుకుపొయినాడు. తొమ్మిదికి ఆయన వచ్చినాడు, ఇస్త్రీ చొక్కా వేసుకొని. అతికించిన ఒరిజినల్ చేతికిచ్చినాను. తెరిచినాడు. మొదటి పేజీలో వాపసొచ్చిన సరుకు పట్టీ ఉంది, ఏ నెల ఎన్ని డబ్బాలు అని. అది చదివినోడు ఎవురైనా సెక్షను ఎత్తేయమనే అంటాడు. ఆయన ఆడ ఆగకుండా చివరి పేజీ తీసి, అతుకును వేలితో తడిమినాడు.

"ముడివు అంటే చివరే కదా సారూ," అన్నాను.

ఆయన గోడ గడియారం చూసినాడు. మీటింగు పదింటికి. కంపెనీకి ఫోన్ చేసినాడు, మోగింది, ఎవురూ ఎత్తలేదు. మళ్లీ చేసినాడు. నేను షట్టరు దించి ఆటో పిలిచినాను. దారిలో లారీలు అడ్డం. ఇద్దరం దిగేసరికి పది దాటింది. గేటు దగ్గర వాచ్‌మేన్ లోపలికి వదల్లేదు, మీటింగు మొదలైంది, పిలిస్తేనే పోవాలన్నాడు. "ఒక్క మాట చెప్పాల తంబీ, ఒక్క పేజీ," అని ఆయన ఆ కట్టను కమ్మీల్లోంచి చాచి పట్టుకున్నాడు. వాచ్‌మేన్ తీసుకోలేదు. గేటు బయట ఎండలో నిలబడినాము.

కొంతసేపటికి ఆ పధ్నాలుగు మంది ఆడోళ్లూ బయటికి వచ్చినారు, ఒకరి వెనక ఒకరు. ముందు వచ్చిన పెద్దామె ఆయన్ని గుర్తుపట్టి నేరుగా వచ్చింది.

"అయ్యా, లైట్ల గురించి రాసినారా?"

"రాసినానమ్మా."

"బుట్ట గురించి?"

"రాసినాను."

"మరి అప్పురం మమ్మల్నెందుకిట్ల పొమ్మన్నారు?"

"నేను సరిగా రాయలేదమ్మా," అన్నాడు ఆయన.

ఆమె ఆయన్ని తిట్టలేదు. నా వైపు చూసి, "ఈమె ఎవురు?" అంది.

"మా అక్క," అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఆమె నాకు దణ్ణం పెట్టి, మిగతావాళ్లతో కలిసి బస్టాపు వైపు పొయింది. అప్పటికి పదకొండు కూడా కాలేదు. అందరి చేతుల్లో అన్నం డబ్బాలు నిండుగా అట్లే ఉండాయి.